పెరుగుచున్న నంద్యాల



2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లాకు ముఖ్యపట్టణమైనది. 2011 నాటికే అచ్చటి జనసంఖ్య రెండు లక్షలు దాటినది. కలెక్టరు కచేరికో, కళాశాలకో, ఆసుపత్రికో ఆళ్లగడ్డ నుండి ఉదయపు బస్సెక్కని కుటుంబము అరుదు.

అచ్చట నివసించువాడనుగా, ఉన్నమాట చెప్పెదను. సౌకర్యములు కలవు, తీరిక లేదు. కె.సి. కాలువ తడిపిన వరిమళ్లలో ఇంటిస్థలముల హద్దురాళ్లు మొలచుచున్నవి. కుందూనది వరద వచ్చినపుడే తన తావును మాకు జ్ఞాపకము చేయును. గోడ ఒక్కటే యైనను పొరుగువాని పేరెరుగని వీథులు పెరిగినవి.

మీ గ్రంథాలయమున ఒక్క పత్రికను పదుగురు చదివి చర్చింతురు. మా వీథిలో ఎవరి వార్త వారి చేతిలోనే యున్నది. కలసి మాటాడుట లేదు. నగరము నుండి విద్యను, వైద్యమును తెచ్చుకొనుడు. ఈ అరుగును మాత్రము విడువకుడు. మీ బిడ్డలు చదువులకు నంద్యాల వచ్చునపుడు ఈ అలవాటును వెంట పంపుడు. అది మాకు మిక్కిలి అవసరము.