జీర్ణవస్త్ర సంరక్షణము
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యనుగూర్చియు, ఐకమత్యమునుగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు పెద్దలు విపులముగా ప్రసంగించియున్నారు. అట్టి మహావిషయముల నడుమ మేము సూదిదారములను చేతబట్టుకొని నిలుచుట కొందఱికి వింతగా తోచవచ్చును. బట్ట నేయుట మన కులవృత్తి. నేసిన బట్ట అమ్ముడుపోవుట మన జీవనము. అట్టి మనమే “చినిగిన బట్టను పాఱవేయకుడు, కుట్టుకొని కట్టుకొనుడు” అని చెప్పినచో కూర్చున్న కొమ్మను నఱకుకొనుట గాదా యని నిన్న విడిదియందు వ్యాపారియగు ఒక సోదరుడు మమ్ము నడిగెను. ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుటయే మా ముఖ్యోద్దేశము. ఆ సమాధానము బట్టలోనే యున్నది గనుక ముందుగా బట్టను విప్పి చూతము.

మగ్గముమీద కూర్చున్న వారందఱును ఎఱిగిన మాట యొకటి గలదు. నేత యనగా పేకను నడుపుట మాత్రమే కాదు. పడుగునందు పోగులు తెగుచుండును. తెగినప్పుడెల్ల నేతగాడు చేయి నిలిపి, తెగిన కొనను వెదకి, క్రొత్తపోగు నతికి, అచ్చునందు దూర్చి, మరల నాడెను విసరును. తెగిన పోగును చూచియు చూడనట్లు సాగినచో బట్టయందు సందు పడును. కావున మన చేతినుండి వెడలిన ప్రతి చీరయు, ప్రతి పంచెయు పుట్టుకతోనే అతుకులు గలది. ఆ అతుకులు కనబడకపోవుటయే మన పనితనము. ఇల్లాలు చిల్లునకు మాసిక వేయునప్పుడు చేయునదియు ఈ పనియే. ఆమెకు సూదియే నాడె; చిల్లే మగ్గము. మొదట నిలువుపోగులు పఱచును. పిమ్మట ఒకటి పైగా, ఒకటి క్రిందుగా అడ్డుపోగులు దూర్చును. మాసిక వేయుట నేతకు విరుద్ధమైన పని గాదు. మగ్గముమీద ఆగిన నేత ఇంటియందు కొనసాగుట.

ఈ విద్యను గౌరవించినవారు దేశమున లేకపోలేదు. ఉత్తరప్రదేశమునందలి నజీబాబాదు రఫూగరులు శాలువల చిల్లులను పోగుపోగుగా నేసి పూడ్చుటయందు ప్రసిద్ధులు. వంగదేశపు స్త్రీలు పాతచీరలను పొరలుగా పఱచి కుట్టిన కాంథాలు నేడు వస్తుప్రదర్శనశాలల కెక్కినవి. 1943 సంవత్సరమున, యుద్ధకాలపు వస్త్రనియంత్రణములో నున్న ఆంగ్లదేశ ప్రభుత్వము, ఉన్న బట్టలను బాగుచేసికొని వాడుకొనుడని ప్రజలకొఱకు చిన్నపుస్తకమునే ప్రకటించెను. ఆ యేటనే మన దేశమునందును నూలుపైని, నూలుబట్టలపైని నియంత్రణపు టుత్తరువు వచ్చెను. ఆనాటి కంట్రోలు బట్టల కథలు ముసలివారు చెప్పగా వినినవారము మనలో పలువురు గలరు. అప్పుడు కఱవు నేర్పిన విద్యను తరువాతి కలిమి మఱపించినది.

మఱపించినది కలిమి మాత్రమే గాదు, సిగ్గుకూడ. చిన్నతనమున మేము మోచేతివద్ద మాసిక వేసిన చొక్కా తొడిగికొని బడికి పోయితిమి. మాసిక వేఱు రంగుది. తోటిబాలురు నవ్విరి. నాటినుండి పలకను ఆ మోచేతి కడ్డముగా పట్టుకొని నడచుచుంటిమి. ఒకనాడు మా తల్లిగారు దానిని కనిపెట్టిరి గాని యేమియు ననలేదు. పగలెల్ల కండెలు చుట్టిన చేతులతో ఆ రాత్రి దీపముకడ కూర్చుండి, ఆ మాసికను విప్పి, ఆ చొక్కా క్రిందిమడతనుండియే తీసిన పోగులతో మరల వేసిరి. ఉదయమున ఎంత వెదకినను చిల్లున్న చోటు మాకు సరిగా దొరకలేదు. ఆ చొక్కా తరువాత మా తమ్మునికి వచ్చెను. ఆమెకు మేము ఆనాడు కృతజ్ఞత చెప్పలేదు. పిమ్మట చెప్పుటకు ఆమె లేరు. ఇప్పుడు చెప్పబోవు పద్ధతులలో మంచివన్నియు ఆమెవే.

మొదటి సూత్రము: బట్టను ఉతుకునకు వేయకమున్నే చూడవలయును. పప్పుగింజంత చిల్లు ఒక్క ఉతుకుతో అరచేయియంత యగును. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట యిట్టిదే. చిల్లు పడుదాక ఆగుటయు అవసరము లేదు. బట్టను వెలుతురున కెదురుగా పట్టినచో పలుచబడిన చోట్లు జల్లెడవలె కనబడును. అక్కడ వెనుకప్రక్కనుండి సన్నని దూరుకుట్లు వరుసలుగా వేసి, నాలుగువైపుల అరంగుళము మేర గట్టి బట్టలోనికి పోనిచ్చినచో ఆ చోటు మరల బలపడును.

రెండవది: దారము బట్టకంటె గట్టిదిగా నుండరాదు. సన్ననూలు పంచెకు లావుదారముతో మాసిక వేసినచో, దారము నిలుచును గాని ప్రక్కబట్ట కోసికొనిపోవును. అదే బట్ట చెఱగునుండియో, మడతలోనుండియో తీసిన పోగు అన్నిటికంటె శ్రేష్ఠము; రంగును కలియును, సన్నదనమును కలియును. దారమును బిగలాగరాదు. వరుస మలుపుకడ ఇంచుక వదులు విడువవలయును. ఏలన, ఉతికినప్పుడు నూలు ముడుచుకొనును. మేకు తగిలి మూలగా చినిగినచో, మూలను ముందు కలిపి కుట్టి, పిమ్మట రెండు ప్రక్కలకును పోవలయును.

మూడవది: చినుగు పెద్దదైనప్పుడు వేయు అతుకుగుడ్డ పాతదై, పలుమాఱు ఉతికినదై యుండవలయును. మేము స్వయముగా నొకమాఱు క్రొత్తగుడ్డను ఉతుకకయే పాతపంచెకు వేసితిమి. మొదటి ఉతుకులోనే అతుకు ముడుచుకొని, చుట్టునున్న పాతబట్టను లాగి చించినది. చిల్లొకటి నాలుగైనది. ఇంకొక మెలకువ మనవారికి చెప్పనక్కఱలేదు గాని చెప్పెదము: అతుకుయొక్క పడుగు బట్టపడుగు వైపునను, పేక పేకవైపునను ఉండవలయును, లేనిచో సాగుటలో తేడా వచ్చి ముడుతలు పడును. మూలలు గుండ్రముగా కత్తిరించినచో త్వరగా లేవవు.

నాలుగవది: అరుగుదలను బట్టయందంతటను పంచవలయును. దుప్పటి నడుమ అరుగును, అంచులు గట్టిగా నుండును. దానిని నిలువుగా నడిమికి చీల్చి, గట్టి అంచులు రెండును కలిపి కుట్టి, అరిగిన భాగములను ప్రక్కలకు మడిచినచో మరల కొన్నియేండ్లు వచ్చును. చొక్కా మెడపట్టీ మడతకడ అరిగినప్పుడు దానిని విప్పి త్రిప్పి కుట్టినచో క్రొత్తదానివలె నుండును. చీర కుచ్చెళ్ళకడ క్రిందియంచు నేలరాచుకొని పోవును గనుక, నేడు ఫాలు అని పిలుచు పట్టీని లోపల కుట్టుచున్నారు. ఆ పట్టీనికూడ ముందుగా నీట తడిపి ఆరవేయనిచో తరువాత ముడుచుకొని అంచును లాగివేయును. పట్టుచీరను ఎల్లప్పుడు ఒకే మడతలో నుంచినచో ఆ మడతకడనే జరీయు, పట్టును విఱుగును. అప్పుడప్పుడు మడత మార్చుచుండవలయును. మిక్కిలి జీర్ణించిన పట్టు సూదిపోటునకే ఓర్వదు. దానికి వెనుక పలుచని మల్లుగుడ్డను ఆసరాగా నుంచి, గట్టిగా నున్న చోట్లను మాత్రమే అంటించి కుట్టవలయును.

ఇన్నివిధముల కాపాడినను బట్ట కొకనాడు కట్టుకొను యోగ్యత పోవును. అప్పుడును దాని పని తీరలేదు. నాలుగు పాతచీరలు కలిసి బొంత యగును. పుట్టిన బిడ్డకు మన యిండ్లయందు మొదట చుట్టునది ఉతికి మెత్తబడిన పాతనూలుబట్టయే గాని అంగడినుండి తెచ్చిన క్రొత్తబట్ట కాదు. పసిబిడ్డ మేనికి తగినంత మెత్తదనము క్రొత్తబట్టకు రాదు. అది ఎన్నో ఉతుకుల ఫలము. బట్టను ఆ దశవఱకు బ్రదికించిన యిల్లే ఆ బిడ్డకు దానిని ఇయ్యగలదు.

ఇక వ్యాపారిసోదరుని ప్రశ్నకు వత్తము. మాసికలవలన మన బేరము చెడునా? 2009–10 సంవత్సరపు అఖిలభారత చేనేత గణనయందు 43.31 లక్షలుగా నున్న నేతగాండ్రును అనుబంధ కార్మికులును 2019–20 గణననాటికి 35.22 లక్షలైరి. ఆ నడుమ మన ఆడపడుచులు మాసికలు వేయుట హెచ్చెనా? హెచ్చలేదు, తగ్గెను. సూదివలన మన మగ్గములు ఆగలేదు. చేనేతకు ప్రత్యేకింపబడిన రకములు 1985 చట్టము ననుసరించి తొలుత 22 గా నుండి, తరువాత 11 కు తగ్గినవి. మరమగ్గపు బట్ట చేనేతపేర అమ్ముడగుచున్నది. చౌకగా కొని, కొన్నినాళ్ళు కట్టి, పాఱవేయు అలవాటు ఇంటింట ప్రవేశించినది. ఆ యలవాటే మనకు పోటీ.

ఉదాహరణమునకు, ఆఱువందల రూపాయల చీర ఒక్కయేడు వచ్చుననుకొందము. పదునెనిమిదివందల చేనేతచీర, సకాలమున సూది తగిలినచో, నాలుగేండ్లు వచ్చుననుకొందము. మొదటిదానికి ఏటికి ఆఱువందలు. రెండవదానికి నాలుగువందల యేబది. ఈ లెక్క తెలిసిన యిల్లాలు మన గిరాకీదారు. బట్టను పాఱవేయువారు వెలను మాత్రము చూతురు. బట్టను కాపాడుకొనువారు నేతను చూతురు. పోగు చూచి, అంచు చూచి, వెనుకకు త్రిప్పి చూచి కొనువారు తగ్గుకొలది మన పనితనమును గుర్తించువారు తగ్గుదురు. కావున మాసిక వేయుట నేర్పుటయనగా మంచిబట్టను కొనుట నేర్పుటయే.

అయితే ఇచ్చట నొక హెచ్చరిక అవసరము. పేదవానికి మాసికలు బోధించి, మనము మాత్రము పెండ్లికొక పట్టుబట్ట చొప్పున మార్చుట ధర్మము గాదు. మాసిక లేమికి గుఱుతుగా నున్నంతకాలము బడిపిల్లలు దానిని దాచుచునే యుందురు. కలవారు దానిని ధరించిననాడే ఆ సిగ్గు తొలగును. అట్లే దానముపేర చినిగిన బట్టలను మూటగట్టి పంపుటయు తగదు. ఉతికి, కుట్టి, బొత్తాములు పెట్టి యిచ్చినదే వస్త్రదానము. లేనిది ఇంటి చెత్తను ఇతరుల యింటికి పంపుట.

ఈ కారణములచేత మహాసభవారి సన్నిధిని నాలుగు మనవులు చేయుచున్నాము. నేసి యమ్మువారు ప్రతి చీరతోడను, పంచెతోడను అదే రంగు నూలు పది బారలు చిన్నచుట్టగా నుంచి యియ్యవలయును. ఖర్చు స్వల్పము, మన మాటకు విలువ అధికము. మన విద్యార్థి వసతిగృహములయందు బాలురకును, బాలికలకును సమముగా సూదిపని నేర్పవలయును. మగ్గముమీద పోగు అతుకుటకు సిగ్గుపడని పురుషుడు చొక్కాచిల్లు పూడ్చుటకు సిగ్గుపడ పనిలేదు. మాసికవేయుట చక్కగా నెఱిగిన వృద్ధస్త్రీలు ఇంకను మన గ్రామములయందు గలరు. వారు జీవించియుండగనే వారిని గౌరవించి, వారిచేత ఈ విద్యను చెప్పింపవలయును. నాలుగవది పోషకమహాశయులకు మాత్రమే: వచ్చు మహాసభకు తమ యింట బాగుచేసిన వస్త్రము నొక్కటి ధరించి, ఈ వేదికమీద మొదటివరుసయందు కూర్చుండవలసినదిగా ప్రార్థించుచున్నాము. ఆ దృశ్యము ఏ బడిపిల్లవాడైన చూచినచో, వాడు పలకను అడ్డము పెట్టుకొనడు.