చాలని కూలి, పెరుగు ధర
(కార్మికుల సభలో చేసిన యుపన్యాసము)



జీతము చేతబడిన దినముననే కిరాణా యంగడి బాకీకిని, ఇంటి యద్దెకును చెల్లిపోవుచున్నది. తరువాత ఇల్లాలు మొదట పాలు మానిపించును. పిమ్మట పప్పు పలుచనగును. తుదకు బిడ్డ బడి మానును. మీ పేటలలో సేవకై తిరుగుచు మేము కన్నులార చూచిన క్రమమిది. ఇట్టి సంసారములకు పొదుపు నేర్పవచ్చువారిని జూచి మేము సిగ్గుపడుచున్నాము.

కూలి యెంత యుండవలయునో లెక్క లేకపోలేదు. 1957లో ప్రభుత్వము, యజమానులు, కార్మికులు కూడిన భారత కార్మిక మహాసభలో, సంపాదించు నొక్కనికి ముగ్గురు పెద్దల పాటి భోజనమును, అందు తలకు 2700 కెలోరీలను, కుటుంబమునకు సాలుకు 72 గజముల గుడ్డను, ఇంటి యద్దెను, వంటచెరకు, దీపము మున్నగువానికి కూలిలో నూటికి 20 వంతులను లెక్కింపవలెనని తీర్మానించిరి. బిడ్డల చదువు, వైద్యము, వార్ధక్యము మొదలగువానికి నూటికి 25 వంతులు చేర్చవలెనని 1991లో సుప్రీముకోర్టు చెప్పెను. కనీసపు కూలికి తగ్గించి పని చేయించుట రాజ్యాంగపు 23వ అధికరణము నిషేధించిన వెట్టియే యని 1982లోనే ఆ న్యాయస్థానము తీర్పిచ్చియున్నది.

కావున మీరడుగునది భిక్ష కాదు. ధరతోపాటు కరవుభత్యము పెరుగుటయు దయ కాదు. పెరుగనిచో ఉన్నకూలి తరుగుటయే యగును.

అయినను అడుగుటకు మీరు జంకుచున్నారు. అడిగినవానిని రేపటినుండి రావలదనుట మేమెఱుగనిది కాదు. ఆ భయము నిజమైనదే. అందువలననే ఒంటరిగా పోవలదు. జీతపు చీటీలు దాచుకొనుడు, పదిమంది కూడి రండు. అర్జీ మేము వ్రాసెదము, రుసుము పుచ్చుకొనము, కార్మికాధికారి యెదుట మీతో నిలిచెదము.