పొదుగువాపూ, పంచదార గుళికలూ, మందుకు లొంగని క్రిములూ

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"డెయిరీలో ఇంజినీరువి కదా, పాల గురించి ఏదైనా చెప్పు" అన్నారు మన సంఘం కార్యదర్శి గారు. ఇచ్చింది పది నిమిషాలు. అందుకని మన ఊళ్లో గేదె ఉన్న ప్రతి ఇంటికీ తగిలే ఒక్క సంగతే ఎత్తుకుంటాను.

మా ప్లాంటుకు పాల ట్యాంకరు రాగానే అందులో యాంటీబయాటిక్ ఉందేమో చూస్తాం. ఉంటే ఆ పాలు లోపలికి రావు. చట్టం ఒప్పుకోదన్నది ఒక కారణం. రెండోది మన అమ్మలందరికీ అర్థమయ్యేదే: అలాంటి పాలకు తోడు వేస్తే పెరుగు సరిగ్గా తోడుకోదు. తోడులో ఉన్నవీ క్రిములే కదా! పొదుగువాపుకు వేసిన మందు పాలల్లోకి దిగి, పెరుగు చేసే మంచి క్రిముల్నీ చంపేస్తుంది. సూది వేయించిన గేదె పాలు డాక్టరు చెప్పినన్ని రోజులు ఆపకుండా కేంద్రంలో పోస్తే, ఒక్క ఇంటి పాలు ట్యాంకరంతటినీ చెడగొట్టగలవు.

పెరుగుతో పోయేదైతే ఇంత దూరం వచ్చి చెప్పను. అరకొర మందుకు చావని క్రిములు ఆ మందును తట్టుకోవడం నేర్చుకుంటాయి. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే ఈ ప్రమాదం గురించి హెచ్చరించాడు. కొలిస్టిన్ అనే మందుంది. ఆసుపత్రిలో ఇంకేదీ పనిచేయనప్పుడు ఆఖరుగా తీసేది. దాన్నే కోళ్లు, పందులు త్వరగా పెరగాలని దాణాలో కలిపారు. దానికి లొంగని గుణం ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి నేరుగా పాకుతోందని 2015లో చైనా శాస్త్రవేత్తలు బయటపెట్టారు. మన దేశంలో పశువులకు, కోళ్లకు, చేపలకు కొలిస్టిన్ వాడకాన్ని 2019 జులైలో నిషేధించారు. మంచి పనే, కాకపోతే ఆలస్యంగా.

యాంటీబయాటిక్ ఇంత ప్రమాదమైతే మానేసి హోమియో వాడొచ్చు కదా అని నన్ను చాలామంది అడుగుతారు. ఈ ప్రశ్న మన ఊరిది మాత్రమే కాదు. ఐరోపా సేంద్రియ పాడి నిబంధనల్లో మూలికలకు, హోమియోకు రసాయన మందుల కన్నా ముందు చోటిచ్చారు. యాంటీబయాటిక్ వాడితే పాలు ఆపాల్సిన రోజులు అక్కడ రెట్టింపు. దాంతో చాలామంది రైతులు గుళికల వైపు చూశారు.

మన సైన్సు మాస్టారు కూడా హోమియో గుళికలు ఇచ్చేవారు, గుర్తుందా? జలుబు లేకపోయినా తీపి కోసం వెళ్లేవాళ్లం. ఆ మాస్టారే మనకు విత్తనాల ప్రయోగం నేర్పారు. రెండు కుండీలు, ఒకే మట్టి, ఒకే నీళ్లు. ఒకటి ఎండలో, ఒకటి చీకట్లో. తేడా ఒక్కటే ఉండాలిరా, లేకపోతే ఏది దేనివల్ల జరిగిందో తెలియదు అనేవారు. నేను ఆయన గుళికల్ని ఆయన కుండీలతోనే కొలుస్తున్నాను.

జర్మనీలో అచ్చం అలాగే చేశారు. పొదుగువాపు వచ్చిన ఆవుల్లో కొన్నింటికి యాంటీబయాటిక్, కొన్నింటికి హోమియో, కొన్నింటికి ఉత్తుత్తి మందు. 2018లో ఫలితాలు వచ్చాయి. హోమియో ఉత్తుత్తి మందును మించి పనిచేయలేదు. పందిపిల్లల విరేచనాల మీద 2010లో నెదర్లాండ్స్ వాళ్లు చేసిన ప్రయోగంలో మాత్రం హోమియోకు అనుకూలంగా వచ్చింది. అది దాచడం న్యాయం కాదు. కానీ 1981 నుంచి 2014 దాకా పశువుల మీద జరిగిన ఇలాంటి 52 ప్రయోగాలను వరసపెట్టి చూస్తే, అనుకూలంగా వచ్చిన ఏ ఒక్కటీ అవే పరిస్థితుల్లో మళ్లీ చేసి రుజువు చేసింది కాదు. ఒక్కసారి తిరిగిన మోటారును నేను కమిషన్ చేయను.

లెక్క కూడా చూడండి. 30సి అంటే నూరు వంతుల్లో ఒక వంతు చొప్పున ముప్పై సార్లు పలచన చేయడం. ఒకటి పక్కన 60 సున్నాలు. పన్నెండో సారి దాటేసరికే అసలు పదార్థం అణువు ఒక్కటైనా మిగిలే ఆశ దాదాపు ఉండదు. కలబంద, పసుపు, సున్నం నూరి పొదుగుకు పట్టించమని జాతీయ పాడి అభివృద్ధి సంస్థ చెబుతోంది, దాన్ని దీనితో కలపకండి. అందులో పదార్థం ఉంది, కొలిచి చూడొచ్చు.

మరి గుళికలు వేస్తే మా గేదెకు తగ్గిందే అంటారు. తగ్గి ఉంటుంది, కాదనను. పొదుగువాపు చాలా రకాల క్రిముల వల్ల వస్తుంది. కొన్ని తేలికపాటివి వాటంతట అవే తగ్గుతాయి. అప్పుడు గుళిక వేసినా, సూది వేసినా, ఊరికే పాలు తరచూ పిండేసినా ఒకటే. అంటే చాలా సూదులు కూడా వృథాయేనని. ఇంకొన్ని క్రిములు మందు పడకపోతే పొదుగును గట్టిపరిచి, ఆ చన్నును శాశ్వతంగా ఎండగొడతాయి. గేదెకు జ్వరం, మేత మానేసింది, పాలల్లో రక్తం: ఇలాంటప్పుడు గుళికలతో రెండు రోజులు గడపడం నోరులేని జీవాన్ని బాధపెట్టడమే. నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు.

యాంటీబయాటిక్ నిజంగా తగ్గించినవాళ్లు వేరే దారుల్లో తగ్గించారు. నార్వే సాల్మన్ చేపల పెంపకంలో 1987లో దాదాపు 50 టన్నులు వాడారు. టీకాలు వచ్చాక కొన్నేళ్లకే అది పాతాళానికి పడిపోయింది, చేపల దిగుబడి మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. రొయ్యల చెరువులున్న తమ్ముళ్లు ఇది గమనించాలి. నెదర్లాండ్స్ ప్రతి ఫారం ఎంత మందు వాడుతోందో లెక్క రాయించి, పక్కవాళ్లతో పోల్చి చూపించింది. 2009తో పోలిస్తే 2020 నాటికి అమ్మకాలు సుమారు 70 శాతం తగ్గాయి.

మన పాకల్లో చేయగలిగింది చెబుతాను. ముందుగా చేతులు, పొదుగు కడిగి తుడవండి. మొదటి ధారలు నల్లటి గిన్నెలోకి పిండి ముక్కలున్నాయేమో చూడండి. పైకి కనపడని వాపును పట్టడానికి పాకిస్తాన్ ఫైసలాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు బట్టల సబ్బుపొడితో ఒక పరీక్ష పెట్టారు. లీటరు నీళ్లకు 30 గ్రాముల పొడి. నాలుగు చన్నుల పాలు నాలుగు గిన్నెల్లో తీసి, అంతే సబ్బునీళ్లు పోసి తిప్పాలి. జిగటగా, గంజిలా చిక్కబడితే ఆ చన్నులో వాపు ఉన్నట్టు. వాపున్న పాలల్లో తెల్లకణాలు ఎక్కువ, సబ్బు వాటిని పగలగొడితే లోపలి పదార్థం జిగురు కడుతుంది. పరీక్షించిన పాలు పారబోయండి. పిండాక గేదెకు మేత వేసి అరగంట నిలబెట్టండి, పడుకుంటే తెరుచుకున్న చన్నులోకి పేడ అంటుతుంది. మందు అవసరమా, ఏ మందు, ఎన్నాళ్లు అన్నది డాక్టరు గారికి వదలండి. ఆయన అయిదు రోజులంటే రెండో రోజు ఆపకండి.

రేపు ఉదయం అయిదున్నరకు పాలకేంద్రం దగ్గర ఉంటాను. సబ్బునీళ్లు నేను తెస్తాను. మీరు నాలుగు గిన్నెలు, నాలుగు చన్నుల పాలు విడివిడిగా పట్టుకురండి.