గాజుమేడ, ఆకుతోట, పేరిత

చిత్తూరు, తిరుపతి జనం బెంగళూరు వెళ్తే లాల్‌బాగ్ చూడకుండా రారు. పలమనేరు, ముళబాగిలు, కోలారు దాటితే వచ్చేస్తుంది. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట అది. అందులోని గాజుమేడకు 1889లో పునాది వేశారు. లండన్‌లో 1851లో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్ దానికి నమూనా. పంద్రాగస్టుకీ రిపబ్లిక్ డేకీ పూల ప్రదర్శన పెడతారు. పూలతో ఫొటోలు దిగినవాళ్లలో తలెత్తి ఆ కప్పు చూసేది ఎందరో!

గాజు ఇల్లు చలిదేశాల అవసరం. ఎండ గాజులోంచి లోపలికొచ్చి నేలను వేడెక్కిస్తుంది, నేల గాలిని వేడెక్కిస్తుంది. ఆ గాలికి బయటికి దారి ఉండదు. ఎండ చాలని రోజుల్లో గొట్టాల్లో వేడినీళ్లు పారిస్తారు. బయట మంచు పడుతున్నా లోపల అరటి గెల వేస్తుంది. లండన్ దగ్గర క్యూ తోటలో 1987లో తెరిచిన గాజు ఇంట్లో పది రకాల వాతావరణాలున్నాయి. ఒక తలుపు తీస్తే ఎడారి మొక్కలు, ఇంకొకటి తీస్తే ఆవిరి కమ్మిన అడవి, ఆర్కిడ్లు. కళ్లజోడు మసకబారిపోతుంది.

అదే ఇల్లు తిరుపతిలో కడితే? మే నెలలో మొక్కలు ఉడికిపోతాయి. ఇక్కడ ఆపాల్సింది ఎండను. అందుకే మన నర్సరీలన్నీ ఆకుపచ్చ షేడ్‌నెట్ కిందే ఉంటాయి. ఆ వల రాకముందే మన రైతుకు ఈ విద్య తెలుసు. కడప పక్కన చెన్నూరు ఆకుతోటలోకి వెళ్లండి. అవిస చెట్లు వరుసగా పెంచి, వాటి మీదికి తమలపాకు తీగ పాకిస్తారు. గట్టు మీద కాళ్లు కాలతాయి, లోపల అడుగుపెడితే చెమ్మ, చల్లదనం. వానలు దండిగా పడే ఆగ్నేయాసియా తీగ, కరువు సీమలో అవిస నీడన బతుకుతోంది. ఇనుము లేదు, గాజు లేదు, కరెంటు లేదు. నన్నడిగితే లాల్‌బాగ్ మేడకంటే ఇదే గొప్ప పనితనం.

ఇక రకరకాల వాతావరణాలంటారా, మనకు కొండలున్నాయి. శేషాచలం ఎండు రాతివాలుల్లో ఎర్రచందనం. తలకోన తడిలోయలో చెట్టు నుంచి చెట్టుకు సాగే గిల్లతీగ. మదనపల్లె దగ్గర, 4,000 అడుగుల పైన హార్స్‌లీ కొండల్లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన నీలగిరి చెట్లు. అక్కడి ముసలి చెట్టుకు కల్యాణి అని పేరు కూడా పెట్టుకున్నారు.

పేరిత అనే మొక్క సంగతి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. చూడ్డానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది గానీ ఈతకు చుట్టం కాదు. డైనోసార్లు తిరిగిన కాలం నాటి వంశం, సైకాస్. మన తిరుపతి, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా సొంతంగా మొలవదు. మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. మగ చెట్టు కంకిని మందుకని కోసుకుపోతే ఆడ చెట్టుకు గింజ పట్టదు. అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందంలో పులితో పాటు మొదటి జాబితాలోనే దీన్నీ చేర్చారు.

తిరుపతిలో గాజుమేడ కడతామని ఎవరైనా అంటే నేను వద్దంటాను. తలకోన మొక్కలకు నీటి తుంపర పడే ఒక నీడపందిరి వెయ్యండి, పేరితను ఆరుబయట పెట్టండి, పలకల మీద పేర్లు తెలుగులో రాయండి. శ్రోతలకు ఒక్క మనవి: పేరిత కంకి మందుకు పనికొస్తుందని ఎవరు అమ్మజూపినా కొనకండి.