ఎవరిదీ కాని నేల



ఆస్ట్రేలియాలో ఆదివాసులు వేల ఏళ్లుగా ఉంటున్నారు. 1788లో ఇంగ్లీషువాళ్లు ఓడల్లో వచ్చి దిగారు. ఇది ఎవరిదీ కాని నేల అన్నారు. భూములు తీసుకున్నారు. పుస్తకాల్లోనూ అలాగే రాసుకున్నారు.

అక్కడి మర్రే దీవిలో ఎడ్డీ మాబో పుట్టాడు. పెద్దయ్యాక వేరే ఊళ్లో తోటమాలి పని చేశాడు. దీవిలో తాతల నాటి భూమి తనదే అనుకునేవాడు. కాగితాల్లో అది సర్కారుదని తర్వాత తెలిసింది.

ఊరుకున్నాడా? లేదు. 1982లో మరో నలుగురితో కలిసి కోర్టుకెక్కాడు. వారిలో ఒక స్త్రీ కూడా ఉంది. ఎవరి తోట గట్టు ఎక్కడుందో దీవివాళ్లు సాక్ష్యం చెప్పారు.

1992 జూన్‌లో తీర్పు వచ్చింది. దీవి భూమి దీవివాళ్లదేనంది కోర్టు. ఆ మాట వినడానికి మాబో లేడు. జనవరిలోనే కన్నుమూశాడు.

మనకిప్పుడు చదువొచ్చింది. మన పొలం కాగితంలో ఎవరి పేరుందో మనమే చదువుదాం. మన అమ్మమ్మల కథ మనమే రాద్దాం.