వేసవి శిబిరంలో పరిచర్య

తెలుగు నాట క్రైస్తవ సంఘాలకు మే నెల పిల్లల నెల. ఏప్రిల్ చివర్లో మూతపడిన బడులు మళ్ళీ జూన్ రెండో వారానికి గాని తెరుచుకోవు. ఆ ఏడు వారాల వ్యవధిలోనే ఊరి చర్చి ముందు షామియానా లేస్తుంది, మందిరం గోడలకు రంగు కాగితాల తోరణాలు ఎక్కుతాయి, పొద్దున ఏడున్నరకే పిల్లలు చెప్పులు విడిచి చాపల మీద చేరతారు. దీన్ని అందరూ వీబీఎస్ అనే అంటారు. సెలవుల్లో నడిచే బైబిలు బడి అని దాని అర్థం. కొన్నిచోట్ల ఐదు రోజులు, కొన్నిచోట్ల పది రోజులు సాగుతుంది. కాస్త పెద్దపిల్లలకు రెండు మూడు రాత్రులు ఒకేచోట ఉండే యువజన శిబిరం వేరుగా పెడతారు. రెండింటినీ మోసేది జీతగాళ్ళు కాదు. ఇంటర్ రాసి ఫలితం కోసం చూస్తున్నవారు, డిగ్రీ విద్యార్థులు, సండే స్కూలు టీచర్లు, వేదాంత కళాశాలల నుంచి సెలవులకు వచ్చినవారు. నేడు ఈ వేదిక మీద పట్టా అందుకుంటున్నవారు రేపటి వేసవిలో ఆ చాపలు పరచాల్సినవారు. కాబట్టి ఆ పని ఏమిటో, ఎక్కడ పుట్టిందో, ఎలా చేస్తే నిలుస్తుందో చెప్పుకోవడం ఈ స్నాతకోత్సవానికి తగిన విషయమే.

సంఘాల్లో ఈ పనికి వాడే మాట పరిచర్య. వేదిక ఎక్కి చేసే ప్రసంగానికీ ఈ మాటే వాడేస్తున్నారు గాని, దాని అసలు అర్థం ఇంకా ఇళ్ళల్లో బతికే ఉంది. మంచం పట్టిన పెద్దావిడకు కూతురు చేసేది పరిచర్య. పక్కన ఉండడం, దాహం అడగకముందే గ్లాసు అందించడం, రాత్రి ఒకసారి లేచి చూడడం. శిబిరంలో పిల్లలకు కావలసిందీ అదే.

ఈ శిబిరాల చరిత్ర చిన్న లెక్కలతో మొదలైంది. 1868లో వేల్స్‌లోని లాండుడ్నో సముద్రతీరంలో జోసియా స్పయర్స్ అనే యువకుడు, తోచక తిరుగుతున్న పిల్లలను చూసి, ఇసుకలో బైబిలులోని ఒక చిన్న వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాశారు. గవ్వలు, గులకరాళ్ళు, సముద్రపు నాచు తెచ్చి అక్షరాలను అలంకరించమన్నారు. వాళ్ళు అలంకరిస్తుండగా కథ చెప్పారు. నేడు అనేక దేశాల్లో పనిచేస్తున్న స్క్రిప్చర్ యూనియన్ మూలాల్లో ఆ ఇసుక రాత ఉంది. 1885లో అమెరికాలో సమ్నర్ డడ్లీ న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరెంజ్ సరస్సు ఒడ్డున గుడారాలు వేసినప్పుడు ఆయన వెంట ఉన్నది ఏడుగురు కుర్రవాళ్ళు. ఆ వైఎంసీఏ శిబిరం తర్వాత చోటు మారి, ఆయన పేరే పెట్టుకుని, ఇప్పటికీ నడుస్తోంది. తనకంటే ఎదుటివాడే ముందు అన్నది దాని నినాదం. 1894లో ఇల్లినాయ్‌లోని హోప్‌డేల్ పట్నంలో డి. టి. మైల్స్ అనే సండే స్కూలు ఉపాధ్యాయిని, వారానికి ఒక గంట చాలదని, వేసవిలో నాలుగు వారాలు రోజూ బడి పెట్టారు; వచ్చినవారు దాదాపు 40 మంది. నాలుగేళ్ళకు, 1898లో, న్యూయార్క్ నగరం తూర్పు వాడల్లో ఎలైజా హాస్ వీధుల్లో తిరిగే పిల్లల కోసం ఏకంగా ఒక బీరు హాలునే అద్దెకు తీసుకుని పాఠాలు చెప్పించారు. స్పయర్స్ గానీ హాస్ గానీ ముందు సభ ఏర్పాటు చేసి పిల్లలను దానికి రప్పించలేదు. పిల్లలు ఎక్కడ ఊరికే తిరుగుతున్నారో చూసి, అక్కడికే వెళ్ళారు.

తెలుగు నేలతో ముడిపడిన ఒక పేరు కూడా ఇక్కడ తలచుకోవాలి. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి ప్రాంతపు తమిళులు. 1895 నుంచి 1909 వరకు వైఎంసీఏ కార్యదర్శిగా యువకుల మధ్య పనిచేసి, ఆ తర్వాత నిజాం రాజ్యంలోని దోర్నకల్ వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ళ ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, విదేశీ మిషనరీల త్యాగాలకు కృతజ్ఞత చెబుతూనే, భారతీయులు వారినుంచి కోరుకుంటున్నది స్నేహమని నిండు సభలో చెప్పారు. ఆ మాట అప్పుడు చాలామందికి రుచించలేదు. పై నుంచి చేసే మేలుకూ పక్కన కూర్చుని చేసే స్నేహానికీ ఉన్న తేడాను ఆయన యువకుల మధ్య పనిచేస్తూనే దగ్గరగా చూసి ఉంటారు. ఆ తేడా పన్నెండేళ్ళ పిల్లవాడికి మొదటి పూటలోనే తెలిసిపోతుంది.

రోజు నడిచే తీరు అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే: ప్రార్థన, అభినయ గీతాలు, బైబిలు కథ, కంఠస్థ వాక్యం, వయసుల వారీగా తరగతులు, బొమ్మల పని, ఆటలు, ఆఖరి రోజు ఊరేగింపు, ముగింపు సభ, బహుమతులు. వీటి గురించి పుస్తకాలున్నాయి. పుస్తకాల్లో అంతగా కనిపించనిది ఎండ. పల్నాడులోనో కొత్తగూడెంలోనో మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరే రోజుల్లో తరగతులు పదిన్నరకే ముగించాలి. తాగునీరు, మజ్జిగ, ఓఆర్ఎస్ పొట్లాలు గిటారు కంటే ముందు సమకూర్చుకోవాలి. ఊరేగింపు సాయంత్రానికి మార్చుకోవాలి. కాలువకో చెరువుకో పిల్లలను సరదాగా తీసుకెళ్ళడం అసలే వద్దు. వేసవి సెలవుల్లో నీట మునిగిన పిల్లల వార్త రాని ఏడాది రెండు తెలుగు రాష్ట్రాల్లో లేదు.

శిబిరానికి ప్రాణం మైకు దగ్గర ఉండదు, గ్రూపులో ఉంటుంది. ఏడెనిమిది మంది పిల్లలకు ఒక అన్న, ఒక అక్క. టీచర్ అని మొదలైన పిలుపు రెండో రోజుకల్లా అక్కా అని మారిందంటే పని దారిలో పడినట్టే. ఆ అక్కకు ఎనిమిది పేర్లూ మొదటి పూటే నోటికి రావాలి. ఎవరు అన్నం దగ్గర కెలుకుతున్నారో, ఎవరు పాటల్లో పెదవి కదపడం లేదో గమనించాలి. ఇల్లు విడిచి మొదటిసారి పడుకున్న పిల్ల రాత్రి ఏడిస్తే నలుగురూ లేవకుండా ఓదార్చాలి. పక్క తడిపిన పిల్లవాడి దుప్పటి తెల్లారకముందే, మాట బయటికి పొక్కకుండా ఉతికి ఆరేయాలి. అనుకోకుండా నెలసరి వచ్చిన అమ్మాయికి కావలసినవి అడగకుండానే అందాలి. ఇవేవీ ముగింపు సభ నివేదికలో రావు. కానీ ఆ దుప్పటి ఉతికిన అన్న చెప్పే కథను ఆ పిల్లవాడు వినే తీరు వేరు.

యువజన శిబిరాల్లో ఇంతకంటే బరువైన విషయం ఒకటుంది. పది, ఇంటర్ ఫలితాలు వచ్చేది ఏప్రిల్, మే నెలల్లోనే. శిబిరానికి వచ్చిన పదిహేడేళ్ళ కుర్రాడి సంచిలో బైబిలుతో పాటు, తప్పిన రెండు సబ్జెక్టులూ ఉంటాయి. తండ్రి మాట్లాడటం మానేసి వారమై ఉంటుంది. బంధువుల ఇళ్ళకు పోలేక ఇక్కడికి వచ్చి ఉంటాడు. ఫలితాల రోజుల్లో పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్న సంగతి ఈ రాష్ట్రాల్లో ఎవరికీ కొత్త కాదు. అలాంటివాడికి అంతా దేవుని చిత్తమని తొందరపడి చెప్పడం పరిచర్య కాదు. అది వాడి నోరు మూయించడమే. ముందు వినాలి, మధ్యలో అడ్డుపడకుండా వినాలి. సప్లిమెంటరీ పరీక్ష తేదీ, ఫీజు కట్టే గడువు తెలుసుకుని చెప్పాలి. అవసరమైతే వాడి వెంట ఇంటిదాకా వెళ్ళి తండ్రితో మాట్లాడాలి. చచ్చిపోవాలని ఉందన్న మాట ఎంత తేలిగ్గా అన్నా దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వాడిని ఒంటరిగా వదలకూడదు, రహస్యం దాస్తానని మాట ఇవ్వకూడదు, పెద్దలకు చెప్పాలి. టెలీ మానస్ 14416 నంబరులో పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడేవారుంటారు. ఆ నంబరు ప్రతి గ్రూపు లీడరుకూ కంఠస్థమై ఉండాలి.

శిబిరం చివరి రాత్రి సమర్పణ కూటం జరుగుతుంది. దీపాలు తగ్గుతాయి, పాట మెల్లగా సాగుతుంది, చేతులెత్తమని పిలుపు వస్తుంది. అలసిన పిల్లలు పక్కవారిని చూసి ఏడవడం సులువు. అక్కడ లేచిన చేతులను లెక్కపెట్టి ప్రకటించడం మంచి అలవాటు కాదు. తెల్లవారాక, కడుపు నిండాక, వెలుతురులో అదే పిల్ల తన మాటల్లో ఏం చెబుతుందో దానికే విలువ. ఇతర మతాల ఇళ్ళ నుంచి వచ్చే పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త ఉండాలి. అక్కడ ఏం నేర్పుతారో తల్లిదండ్రులకు ముందే తెలియాలి, వారి ఇష్టం ఉండాలి. బహుమతి ఆశ చూపించి చెప్పించిన ప్రార్థన ప్రార్థన కాదు.

నమ్మకం పెరిగే చోటే దాన్ని దుర్వినియోగం చేసే అవకాశమూ పెరుగుతుంది. ఇంగ్లండులో ఐవర్న్ క్రైస్తవ శిబిరాలను నడిపించిన ఒక పెద్దమనిషి తన ఆధీనంలోని యువకులను క్రూరంగా హింసించాడు. ఆ సంగతి 1982 నాటికే కొందరు పెద్దల చేతిలో నివేదికగా ఉంది. సంఘం పరువు పేరుతో దాన్ని దాచారు. స్వతంత్ర విచారణ నివేదిక 2024 నవంబరులో బయటపడ్డాక కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించాల్సి వచ్చింది. భారతదేశంలో 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్ళ లోపు వారందరికీ వర్తిస్తుంది. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమూ శిక్షార్హమే. పాస్టరుగారితో చెప్పి ఊరుకుంటే బాధ్యత తీరదు. కాబట్టి ఏ పెద్దవారూ ఒక పిల్లతో గానీ పిల్లవాడితో గానీ తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఆడపిల్లలు పడుకునే చోట స్త్రీలే ఉండాలి. పిల్లల ఫొటోలు ఇంటివారి అనుమతి లేకుండా వాట్సాప్‌లో పెట్టకూడదు. ఈ నియమాలు అనుమానంతో పెట్టేవి కావు. మంచి టీచరుకూ ఇవి రక్షణే.

ముగింపు సభలో హాజరు సంఖ్య చదువుతారు, చప్పట్లు మోగుతాయి, షామియానా విప్పుతారు. చాలా సంఘాల్లో పని అక్కడితో అయిపోయిందనుకుంటారు. జూన్ రెండో వారంలో బడి గంట మోగుతుంది. శిబిరంలో అక్కా అని వెంట తిరిగిన పిల్ల కొత్త తరగతిలో వెనక బెంచీలో కూర్చుంటుంది, సప్లిమెంటరీ రాసిన కుర్రాడు మళ్ళీ ఫలితం కోసం చూస్తుంటాడు. ఆ రోజుల్లో తమ గ్రూపులోని ఎనిమిది ఇళ్ళకూ ఒకసారి వెళ్ళి పలకరించి రావాలి. నేడు పట్టా అందుకుంటున్నవారికి చేస్తున్న మనవి అదొక్కటే.