బవేరియా బీరు ఊళ్ళలో ఒక ఆబ్కారీ ఉద్యోగి
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జర్మనీ యాత్రా విశేషాలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. కాశీ, రామేశ్వరం యాత్రల గురించి చెప్పిన ఈ వేదిక మీద బీరు గురించి చెప్పడమా అని మొదట మొహమాటపడ్డాను. కానీ నేను ముప్పై నాలుగేళ్ళు ఆబ్కారీ శాఖలో చేసినవాణ్ణి. చూసినన్ని కల్లు దుకాణాలు, సారా గోదాములు గుళ్ళు చూడలేదు. అక్కడా ఆ కళ్ళతోనే చూశాను. మీరు అడగకముందే మనవి చేస్తున్నాను, షుగరు ఉన్నవాణ్ణి, రుచి చూసింది గుక్కెడే.

2023 సెప్టెంబరులో మ్యూనిక్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళాం. అల్లుడు నాలుగు రోజులు సెలవు పెట్టి కారులో తిప్పాడు. "మామయ్యగారూ, స్టీరింగు పట్టుకున్నన్నాళ్ళూ నేను చుక్క ముట్టను" అని బయలుదేరేటప్పుడే చెప్పాడు. అక్కడి చట్టం రక్తంలో 0.05 శాతం లోపు దాకా ఊరుకుంటుంది. మన దేశంలో హద్దు 0.03. అయినా అతను మాట తప్పలేదు. మా ఆవిడకు ఆ ప్రయాణంలో అన్నిటికంటె నచ్చిన విషయం ఇదే.

మొదటి మజిలీ ఫ్రైజింగ్‌లో వైహెన్‌స్టెఫాన్ కొండ. అక్కడి బ్రూవరీ 1040 నుంచి ఉన్నదని చెప్పుకుంటారు. ఒకప్పుడు సన్యాసుల మఠం, ఇప్పుడు బవేరియా రాష్ట్ర ప్రభుత్వ ఆస్తి. పక్కనే విశ్వవిద్యాలయంలో బీరు తయారీకి ఇంజనీరింగు పట్టా ఇస్తారు! బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప బీరులో ఇంకేమీ వాడరాదని 1516లో బవేరియా ప్రభువులు చేసిన శాసనం గురించి అల్లుడు చెప్పాడు. అందులో ఈస్టు మాటే లేదట. మజ్జిగ చుక్క తోడేస్తే పాలు ఎలా తోడుకుంటాయో తెలియకుండానే మన అమ్మమ్మలు పెరుగు చెయ్యలేదూ, ఇదీ అంతే.

అక్కడి నుంచి ఉత్తరంగా హాలర్టావ్ సీమ. హాప్స్ తీగలను ఏడు మీటర్ల ఎత్తు తీగల మీదికి పాకిస్తారు. మన తమలపాకు తోటలు గుర్తొచ్చాయి. మేం వెళ్ళేసరికి కోత చాలావరకు అయిపోయింది. బాంబెర్గ్‌లో బీచి కట్టెల పొగమీద మాల్టు ఆరబెట్టి బీరు కాస్తారు. నా గుక్కెడు అక్కడే ఖర్చయింది. పొగచూరిన పాలు తాగినట్టుంది!

ఇక నేను చెప్పదలచుకున్న అసలు ఊరు విండిషెషెన్‌బాఖ్. చెక్ సరిహద్దుకు దగ్గరి చిన్న ఊరు. అక్కడి బీరును త్సోయిగల్ అంటారు. ఊరంతటికీ ఉమ్మడి బట్టీ ఒకటి ఉంటుంది. 15వ శతాబ్దం నుంచి కాచుకునే హక్కు ఫలానా ఇళ్ళకు అని ఉంది. హక్కున్న ఇంటివారు తమ వంతు వచ్చినప్పుడు కట్టెలు పెట్టి, మాల్టు కషాయం కాచి, చల్లార్చి ఇంటికి పట్టుకెళ్ళి, తమ నేలమాళిగలోనే పులియబెడతారు. సిద్ధమయ్యాక ఇంటి ముందు ఆరు కోణాల నక్షత్రం వేలాడదీస్తారు. అది కనిపిస్తే ఎవరైనా లోపలికి వెళ్ళి కూర్చోవచ్చు. వంతులవారీగా ఒక వారం ఈ ఇల్లు, ఇంకో వారం ఆ ఇల్లు.

మేం వెళ్ళిన ఇంట్లో గ్లాసులు నింపుతున్నది ఇంటావిడ. ఆవిడ మామగారు కాబోలు, ఒక పెద్దాయన బల్ల దగ్గర ఊరివాళ్ళ మధ్యనే కూర్చుని తాగుతున్నాడు. పిల్లలు హోమ్‌వర్కు చేసుకుంటున్నారు. మా ఆవిడ కాసేపు చూసి, "మన నెల్లూరు ఆడవాళ్ళు ఇదే విషయం మీద అంత గొడవ చేశారు. ఇక్కడి వాళ్ళకు ఆ అవసరం ఎందుకు రాలేదండీ?" అని అడిగింది.

మిత్రులారా, ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నన్నెవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. మన దగ్గర సారా దుకాణాలకు వేలం పాట ఉండేది. ఎక్కువ పాడినవాడికి దుకాణం. పాడిన సొమ్ము రాబట్టుకోవాలంటే వాడు రోజుకు రోజు ఎక్కువ తాగించాలి. అందుకే అరువు, కూలి డబ్బులో కోత. ఎనభైలలో వారుణి వాహిని పేరిట సారా ప్యాకెట్లు వచ్చాక పల్లె గడపలోకే చేరింది. 1992లో దూబగుంటలో మొదలై నెల్లూరు జిల్లా స్త్రీలు ఆ వేలం పాటలనే అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా పోయింది. వాళ్ళు పట్టుకున్నది సరైన చోటే. త్సోయిగల్ ఇంట్లో పాట పాడినవాడు లేడు. మాళిగలో ఉన్నంతే అమ్మకం, అయిపోతే నక్షత్రం దించేస్తారు. కాచినవాడే పక్కన కూర్చుని తాగుతుంటే కల్తీ చేసేదెవరు? మన గీత కార్మికుడు చెట్టు కింద పోసిన కల్లుకూ, క్లోరల్ హైడ్రేటు కలిపి దుకాణాల్లో అమ్మిన కల్లుకూ ఉన్న తేడా ఇక్కడున్న మా శాఖ మిత్రులకు నేను చెప్పనక్కరలేదు.

పన్ను సంగతి అడగకుండా ఉండలేకపోయాను. పులియకముందు కషాయం చిక్కదనాన్ని కొలిచి, హెక్టోలీటరుకు డిగ్రీకి 0.787 యూరో వేస్తారు. చిన్న బ్రూవరీలకు రేటు తక్కువ. కొలత తెలిసినవాడికి చదువుకోవడానికి బాగున్న చట్టం.

అక్కడంతా స్వర్గమని నేననను. తిరిగొచ్చాక మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్ట్ చూశాం. 1810లో యువరాజు లుడ్విగ్ పెళ్ళికి పెట్టిన గుర్రప్పందేలతో మొదలైన తిరునాళ్ళ అది. పెళ్ళి ఇంకా అయినట్టు లేదు! ఒక్కో డేరాలో వేలమంది. 2023లో లీటరు గ్లాసు మన డబ్బులో సుమారు పన్నెండు వందలు ఉండేది. మ్యూనిక్‌లోని ఆరు పెద్ద బ్రూవరీల బీరు తప్ప మరొకటి పొయ్యరు, కాబట్టి మేం చూసిన చిన్నవాళ్ళకు అక్కడ చోటు లేదు. డేరాల వెనుక గడ్డి గట్టు మీద పడిపోయిన కుర్రాళ్ళను చూస్తే మన పాత దుకాణాల అరుగులే గుర్తొచ్చాయి. మా ఆవిడ అరగంటలో ఇంటికి పదమంది.

మరునాడు బీరు తోటకు వెళ్ళాం. పాత కాలంలో బీరు మాళిగలు చల్లగా ఉండాలని పైన చెస్ట్‌నట్ చెట్లు పెంచారు. 1812లో రాజుగారు ఆ మాళిగల దగ్గర బీరు అమ్ముకోండి, భోజనం మాత్రం అమ్మవద్దన్నారు. అందుకని ఇప్పటికీ అక్కడికి ఎవరి తిండి వారు తెచ్చుకోవచ్చు. మా అమ్మాయి పులిహోర, దద్దోజనం తెచ్చింది. పక్క బల్ల మీది ముసలి దంపతులు పులిహోర అడిగి మరీ తిన్నారు. ఆవాలు, మిరపకాయలు పక్కకు తీసి పెట్టారనుకోండి!

ఫొటోలు కార్యదర్శిగారికి ఇచ్చాను. టీ విరామంలో చూడవచ్చు. నక్షత్రం ఫొటో మూడవది. సెలవు.